వంకాయలో నికోటిన్ ఎంత, దానికీ రోగానికీ పొత్తెంత

గుత్తివంకాయ కూరకు కాయలను నాలుగు పక్షాలుగా చీల్చి, వెంటనే ఉప్పునీళ్లలో వేయడం తెలుగు వంటింట్లో తరతరాల అలవాటు. ముక్క నల్లబడకుండా, కనరెక్కకుండా ఉండాలని అలా చేస్తారు. ఆ నల్లదనానికి కారణం కాయలోని ఫీనాల్ జాతి పదార్థాలు గాలి తగిలి, ఒక ఎంజైము సాయంతో రంగు మారడమే తప్ప నికోటిన్ కాదు. అయితే వంకాయలో నికోటిన్ ఉన్న మాట మాత్రం నిజం. టమాటాలోనూ, బంగాళాదుంపలోనూ, మిరపలోనూ, తేయాకులోనూ అది కొద్దిగా ఉంటుంది. ఈ ఒక్క నిజాన్ని పట్టుకుని ఒకవైపు ‘వంకాయ తింటే సిగరెట్ తాగినట్టే’ అన్న భయం, మరోవైపు ‘మిరపకాయల్లోని నికోటిన్ పార్కిన్సన్స్ అనే వణుకుడు వ్యాధిని ఆపుతుంది’ అన్న ఆశ ప్రచారంలోకి వచ్చాయి. ఈ రెండింటినీ తేల్చగలిగేది కొలత ఒక్కటే. ఆ కొలతలు ముప్ఫై ఏళ్లకు పైగా అందుబాటులో ఉన్నా, వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటం మాత్రం అరుదుగానే జరుగుతోంది.

ముందుగా చుట్టరికం సంగతి. పొగాకు, వంగ, టమాటా, బంగాళాదుంప, మిరప, ఉమ్మెత్త, కామంచి అన్నీ సొలనేసి అనే ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. పురుగులు తమను తినకుండా ఈ కుటుంబంలోని మొక్కలు ఆల్కలాయిడ్లు అనే రకరకాల రక్షణ రసాయనాలను తయారుచేసుకుంటాయి. పొగాకు ఎంచుకున్న ఆయుధం నికోటిన్. అది ఆకులో పుట్టదు. వేళ్లలో తయారై, కాండం గుండా పైకి ఎక్కి ఆకుల్లో పోగుపడుతుంది. 1940లలో అమెరికన్ శాస్త్రవేత్త రే డాసన్ పొగాకు వేరుకు టమాటా కొమ్మను అంటుకట్టినప్పుడు ఆ టమాటా ఆకుల్లో నికోటిన్ చేరింది. టమాటా వేరు మీద పొగాకు కొమ్మను అంటుకట్టినప్పుడు ఆ పొగాకు ఆకుల్లో నికోటిన్ దాదాపు లేకుండా పోయింది. అంటే టమాటా వేళ్లకు ఈ పనిలో ఉన్న నేర్పు నామమాత్రం. ఆ నామమాత్రపు నేర్పు వల్లనే మన కూరల్లోకి కూడా చిటికెడులో లక్షో వంతు నికోటిన్ వస్తోంది.

అది ఎంతో చూద్దాం. ఒక మిల్లీగ్రాములో వెయ్యి మైక్రోగ్రాములు, ఒక మైక్రోగ్రాములో వెయ్యి నానోగ్రాములు ఉంటాయన్నది ఈ లెక్క అంతటికీ గుర్తుంచుకోవలసిన విషయం. 1993లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ డొమినో, ఆయన సహచరులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక చిన్న లేఖ ప్రచురించారు. అందులో గ్రాము వంకాయకు 100 నానోగ్రాముల నికోటిన్ ఉన్నట్టు లెక్క చూపారు. పచ్చి టమాటాలో గ్రాముకు సుమారు 43 నానోగ్రాములు ఉంటే, బాగా పండిన టమాటాలో అది 4 నానోగ్రాములకు పడిపోయింది. పచ్చి టమాటాలతో పప్పు, పచ్చడి చేసుకునే తెలుగువారికి ఈ తేడా ఆసక్తి కలిగించవచ్చు గానీ, ఆందోళన కలిగించవలసింది కాదు. పది గ్రాముల వంకాయ ముక్కలో ఉండే నికోటిన్, స్వల్పంగా సిగరెట్ పొగ ఉన్న గదిలో మూడు గంటలు కూర్చుంటే ఒంట్లో చేరే నికోటిన్‌తో సమానమని ఆ లేఖ చెప్పిన పోలిక పత్రికల్లో బాగా తిరిగింది. వంకాయ మీద ఉన్న భయానికంతటికీ మూలం దాదాపు ఆ ఒక్క పోలికే.

తర్వాత ఆరేళ్లకు, 1999లో, ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరానికి చెందిన పరిశోధకులు ఇంకా కచ్చితమైన పద్ధతితో ఇవే కూరగాయలను కొలిచారు. వారికి కిలో తాజా కూరగాయకు 2 నుంచి 7 మైక్రోగ్రాములు మాత్రమే కనిపించింది. డొమినో బృందం వంకాయకు చెప్పిన అంకెను కిలోకు మారిస్తే అది 100 మైక్రోగ్రాములు అవుతుంది. అంటే రెండు కొలతల మధ్య పది రెట్లకు మించిన తేడా ఉంది. కాయ రకం, నేల, కోతకు వచ్చిన దశ వంటివి కొంత కారణం కావచ్చు. దానికి తోడు ఇంత తక్కువ మోతాదులో నికోటిన్‌ను కొలవడమే కష్టం. గాలిలోని పొగ, పొగ తాగినవారి వేళ్లు, బట్టలు కూడా నమూనాను మైలపరచగలవు. ఏది ఏమైనా, గ్రాజ్ బృందం తమ కొలతలను ప్రజల తిండి లెక్కలతో కలిపి చూసి, ఆహారం ద్వారా మనిషికి రోజుకు చేరే నికోటిన్ సగటున 1.4 మైక్రోగ్రాములని, ఎక్కువగా తినేవారిలో కూడా 2.25 మైక్రోగ్రాముల దగ్గర ఉంటుందని అంచనా వేసింది. ఈ వ్యాసంలో ముందుకు వెళ్లే కొద్దీ రెండు అంకెలనూ వాడటమే న్యాయం: తక్కువ అంచనా ఒకటి, పక్షపాతం లేకుండా పరీక్షించడానికి ఎక్కువ అంచనా ఒకటి.

టీ సంగతి కాస్త వేరు. తేయాకు మొక్క సొలనేసి కుటుంబానిది కాదు; అయినా టీ పొడిలో నికోటిన్ కనిపిస్తూనే ఉంది. పూర్వం పురుగుమందుగా వాడిన నికోటిన్, చుట్టుపక్కల నేల, పొగ ఇందుకు కారణాలని అనుకుంటున్నారు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో డిర్క్ సెల్మార్ బృందం చేసిన ప్రయోగాలు ఈ విషయంలో ఒక ముఖ్యమైన దారి చూపాయి: పొగాకు కలిపిన మట్టిలో పెంచిన పుదీనా మొక్కలు ఆ నికోటిన్‌ను వేళ్లతో పీల్చుకుని ఆకుల్లోకి చేర్చుకున్నాయి. సిగరెట్ పీకలు పడేసిన మట్టిలో కూడా అదే జరిగింది. కాబట్టి నికోటిన్‌ను సొంతంగా తయారుచేయలేని మొక్కలో అది కనబడినంత మాత్రాన ఎవరో కల్తీ చేశారని అనుకోనక్కరలేదు. నికోటిన్ నీటిలో కరిగేది కనుక టీ పొడిలో ఉన్నది చాలావరకు కప్పులోకి వచ్చేస్తుంది. యూరోపియన్ యూనియన్ టీ పొడికి కొన్నేళ్లపాటు అనుమతించిన గరిష్ఠ పరిమితి కిలోకు 0.6 మిల్లీగ్రాములు. ఆ పరిమితి నిండా ఉన్న పొడిని కప్పుకు రెండు గ్రాములు వేసి మరిగించినా, కప్పులోకి వచ్చేది 1.2 మైక్రోగ్రాములు. రోజుకు నాలుగు కప్పులు తాగేవారికి అది 5 మైక్రోగ్రాముల లోపే.

ఇప్పుడు సిగరెట్. ఒక సిగరెట్ తాగిన మనిషి ఒంట్లోకి చేరే నికోటిన్ సుమారు ఒక మిల్లీగ్రాము, అంటే 1,000 మైక్రోగ్రాములు. డొమినో అంకె ప్రకారం చూసినా అంత నికోటిన్ కోసం 10 కిలోల వంకాయలు తినాలి. గ్రాజ్ కొలతల్లోని పై అంకెను తీసుకుంటే 140 కిలోలు దాటుతాయి. తూకం ఒక్కటే కాదు, దారి కూడా వేరు. ఊపిరితిత్తుల్లోకి పీల్చిన నికోటిన్ కొన్ని సెకన్లలో మెదడుకు చేరుతుంది. కడుపులోకి మింగిన నికోటిన్ ముందుగా జీర్ణాశయంలోని ఆమ్లం వల్ల అక్కడ సరిగా ఇంకదు. పేగుల్లో ఇంకినా, రక్తంలో కలిసేముందు కాలేయం గుండా వెళ్లాలి. కాలేయం అందులో సగానికి పైగా మార్చేస్తుంది. మిగిలింది కూడా సుమారు రెండు గంటలకు సగమవుతుంది. పొగ తాగే అలవాటుకు ప్రాణం పోసే ఆ ‘ఎక్కడం’ కూరతో ఎప్పటికీ రాకపోవడానికి కారణం ఇదే. పైగా సిగరెట్ వల్ల వచ్చే క్యాన్సర్‌కూ, గుండె జబ్బుకూ కారణమయ్యే తారు, కార్బన్ మోనాక్సైడ్, పొగాకును ఎండబెట్టేటప్పుడూ కాల్చేటప్పుడూ పుట్టే నైట్రోజమీన్లు కూరగాయలోని నికోటిన్‌తో కలిసి రావు.

ఇంత చిన్న మోతాదు మెదడులో ఏమైనా చేయగలదా అన్నది అసలు ప్రశ్న. దీనికి ఒక స్థూలమైన లెక్క కట్టవచ్చు. లాస్ ఏంజెలిస్‌లో ఆర్థర్ బ్రోడీ బృందం 2006లో మెదడు స్కాన్లతో చూపిందేమంటే, రక్తంలో మిల్లీలీటరుకు 0.87 నానోగ్రాముల నికోటిన్ ఉంటే చాలు, మెదడులో నికోటిన్ అతుక్కునే ముఖ్యమైన గ్రాహకాల్లో సగం నిండిపోతాయి. ఒకటి రెండు దమ్ములతోనే ఆ స్థాయి వస్తుంది. నికోటిన్ శరీరంలో కిలో బరువుకు సుమారు 2.6 లీటర్ల పరిమాణంలో పరుచుకుంటుంది కనుక, 60 కిలోల మనిషికి అది 156 లీటర్లు. రోజంతటి 1.4 మైక్రోగ్రాములనూ ఒక్కసారిగా, కాలేయం ఏమీ తగ్గించకుండా రక్తంలో కలిపేసినా వచ్చేది మిల్లీలీటరుకు 0.009 నానోగ్రాములు. సగం గ్రాహకాలు నిండటానికి కావలసినదానిలో అది దాదాపు నూరో వంతు. ఇక పెద్ద అంచనా తీసుకుందాం: గ్రాముకు 100 నానోగ్రాములున్న వంకాయ కూర 200 గ్రాములు తింటే 20 మైక్రోగ్రాములు. కాలేయం దాటి వచ్చేది అందులో 40 శాతం అనుకుంటే రక్తంలో సుమారు 0.05 నానోగ్రాములు, అది నూటికి అయిదు గ్రాహకాలను కాసేపు తాకగలదు. అంటే శూన్యం అనలేం, కానీ ఏ నిత్యజీవిత ఫలితాన్నీ దాని నెత్తిన వేయడం కష్టం.

పార్కిన్సన్స్ కథ ఇక్కడే మొదలవుతుంది. పొగ తాగేవారిలో ఈ వణుకుడు వ్యాధి తక్కువగా కనిపించడం దశాబ్దాలుగా తెలిసిన సంగతి. 1951లో మొదలైన బ్రిటిష్ వైద్యుల అధ్యయనాన్ని 65 ఏళ్లపాటు వెంబడించి చూసినప్పుడు, మొదట్లో పొగ తాగుతున్న వైద్యుల్లో ఈ వ్యాధి ఎన్నడూ తాగనివారికంటే సుమారు 30 శాతం తక్కువ. స్వీడన్‌లో పెదవి కింద పెట్టుకునే ‘స్నస్’ అనే పొగాకు పొడి వాడేవారిలోనూ తక్కువగానే కనిపించింది. అక్కడ పొగ లేదు కనుక, రక్షించేది నికోటినేమో అన్న అనుమానం బలపడింది. పొగాకు మీద ప్రేమ ఉన్నవారికి ఈ అంకెలు ఊరట కలిగిస్తాయేమో గానీ, అదే బ్రిటిష్ వైద్యుల అధ్యయనం జీవితాంతం పొగ తాగినవారు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటారని కూడా తేల్చింది.

ఈ అనుమానాన్నే కూరగాయల మీద పరీక్షించినవారు సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు. సుసాన్ సర్ల్స్ నీల్సన్ నాయకత్వంలో 2013లో వెలువడిన వారి అధ్యయనం, కొత్తగా పార్కిన్సన్స్ నిర్ధారణ అయిన 490 మందినీ, ఆ వ్యాధి లేని 644 మందినీ వారి ఆహారం గురించి అడిగింది. సొలనేసి కుటుంబపు కూరగాయలు రోజుకు ఒకసారి ఎక్కువగా తిన్నకొద్దీ వ్యాధి అవకాశం 0.81 రెట్లకు, అంటే సుమారు అయిదో వంతు, తగ్గినట్టు కనిపించింది. మిగతా కూరగాయలతో ఏ తేడా లేదు. అన్నిటికంటే గట్టి సంబంధం పెప్పర్లతో, అంటే మిరప జాతి కాయలతో, కనిపించింది. అది కూడా పొగాకు ఎన్నడూ వాడనివారిలో, కొద్ది కాలమే వాడినవారిలో ముఖ్యంగా. ఒక్కో కూరగాయలోని నికోటిన్‌ను బట్టి లెక్కను సరిచేస్తే సంబంధం ఇంకాస్త బలపడింది. ఆలోచన చక్కగా అల్లిందే. పొగ తాగేవారిలో కూర నుంచి వచ్చే కొద్దిపాటి నికోటిన్ ఎలాగూ కనిపించదు కనుక, తాగనివారిలోనే తేడా కనిపించాలన్న తర్కం సరైనదే.

అయినా ఈ ఫలితాన్ని నెమ్మదిగా చదవాలి. ఆ 0.81కి చుట్టూ ఉన్న అనిశ్చితి పరిధి 0.65 నుంచి 1.01 వరకు వెళ్లింది. 1 అంటే తేడా లేనట్టే కనుక, ఈ కుటుంబపు కూరగాయలన్నిటినీ కలిపి చూస్తే ఏ తేడా లేకపోవడానికి కూడా సందు మిగిలే ఉంది. వ్యాధి వచ్చాక ‘వెనక ఏం తినేవారు’ అని అడగడంలో జ్ఞాపకం చేసే పొరపాట్లు ఉంటాయి. పార్కిన్సన్స్ బయటపడటానికి ఏళ్ల ముందే వాసన పట్టే శక్తి తగ్గడం, మలబద్ధకం రావడం సాధారణం. రుచి, వాసన తగ్గిన మనిషి తిండి ఎంపికలు మారిపోవడంలో వింత లేదు. అప్పుడు కారణమూ ఫలితమూ తారుమారవుతాయి. అమెరికా భోజనంలో పెప్పర్ అంటే ముందు తట్టేది కూరగాయగా తినే బెంగుళూరు మిర్చి. దాన్ని గుంటూరు కారంతో కలిపేసి, కారం ఎక్కువ తింటే మెదడుకు మంచిదని చెప్పడం ఆ అధ్యయనం ఇచ్చిన మాట కాదు. మిరపలో నికోటిన్ ఒక్కటే లేదు; విటమిన్ సి, కెరోటినాయిడ్లు, ఇతర ఆల్కలాయిడ్లు కూడా ఉన్నాయి. పైన వేసిన గ్రాహకాల లెక్క ప్రకారం, ఆ జాబితాలో నికోటిన్‌ను మొదటి అనుమానితుడిగా నిలబెట్టడం న్యాయం కాదు.

తరవాతి ఆధారాలు కూడా ఒకే వైపు లాగలేదు. అమెరికాలోని నర్సులను, పురుష ఆరోగ్యవృత్తుల వారిని పాతికేళ్లకు పైగా వెంబడించిన అధ్యయనాల నుంచి 2020లో వచ్చిన విశ్లేషణలో, ఆహార నికోటిన్ ఎక్కువగా తీసుకున్న స్త్రీలలో పార్కిన్సన్స్ తక్కువగా కనిపించింది గానీ, పురుషుల్లో ఆ తేడా గట్టిగా నిలవలేదు. నికోటినే రక్షిస్తే, కూరగాయకు వేల రెట్లు ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు ఫలితం కనబడాలి. ఆ పరీక్ష కూడా జరిగింది. జర్మనీ, అమెరికాల్లో తొలిదశ పార్కిన్సన్స్ రోగులకు నికోటిన్ పట్టీలు అంటించి ఏడాదిపాటు చూసిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. వ్యాధి నెమ్మదించలేదు. వ్యాధి మొదలైన తర్వాత ఇచ్చే మందు, జీవితమంతా తినే తిండి ఒకటి కావన్న మాట నిజమే. అయినా ఆ పట్టీ చేయలేని పనిని వంకాయ చేస్తుందని నమ్మడానికి ఇప్పుడు బలమైన ఆధారం లేదు. టీ విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. సింగపూర్‌లో చైనీయుల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2008లో నల్ల టీ తాగేవారిలో పార్కిన్సన్స్ తక్కువని, అది కెఫీన్ ఒక్కదానితో చెప్పగలిగేది కాదని తేల్చింది. కెఫీన్ కాకపోతే నికోటినే కారణమని అనడానికి లేదు. తేయాకులో ఇంకా వందల పదార్థాలున్నాయి.

భయం వైపుకు తిరిగి వద్దాం. నికోటిన్ శరీరంలో కొటినిన్‌గా మారుతుంది. అది పదహారు గంటలకు పైగా నిలుస్తుంది కనుక, ఎవరు పొగాకు వాడుతున్నారో, ఎవరి ఒంట్లోకి పక్కవారి పొగ చేరుతోందో తెలుసుకోవడానికి రక్తంలోనూ మూత్రంలోనూ కొటినిన్‌ను కొలుస్తారు. పక్కవారి పొగ హానికరమని రుజువులు పోగవుతున్న రోజుల్లో, అదే కొటినిన్ కూరగాయల నుంచి కూడా వస్తుంది కదా అన్న వాదన లేచింది. 1991లో ఆర్.జె. రేనాల్డ్స్ పొగాకు సంస్థ శాస్త్రవేత్తలు ఆహార నికోటిన్ మూత్రంలోని కొటినిన్‌కు ఒక వనరని ప్రచురించారు. వాదనగా అది తప్పు కాదు, పరిమాణంలో తప్పు. రోజుకు ఒంట్లో చేరే ప్రతి 80 మైక్రోగ్రాముల నికోటిన్‌కు రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 1 నానోగ్రాము కొటినిన్ నిలుస్తుంది. ఆ లెక్కన 1.4 మైక్రోగ్రాముల ఆహార నికోటిన్ ఇచ్చేది 0.02 నానోగ్రాములు. పొగ తాగేవారినీ తాగనివారినీ విడదీసే గీత 3 నానోగ్రాముల దగ్గర ఉంది. దాన్ని దాటాలంటే, పెద్ద అంచనా ప్రకారమే, రోజూ 2.4 కిలోల వంకాయలు తినాలి. ఉద్యోగం కోసమో, జీవిత బీమా కోసమో కొటినిన్ పరీక్షకు వెళ్లే శాకాహారులు తమ వంకాయ కూర గురించి బెంగపడవలసిన పని లేదు.

దీనికంటే గట్టి రుజువు అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలోనే ఉంది. 1988 నుంచి 1991 మధ్య పొగాకు వాడనివారిలో 87.9 శాతం మంది రక్తంలో కొటినిన్ కనిపించింది. అదంతా టమాటాల వల్లా, టీ వల్లా అయితే, ఆ తిండి మారనంత కాలం అంకె కూడా మారకూడదు. కానీ కార్యాలయాల్లో, హోటళ్లలో పొగ నిషేధించాక 2011, 2012 నాటికి అది 25.3 శాతానికి దిగింది. ఈ ఇరవై ఏళ్లలో అమెరికన్లు టమాటా, బంగాళాదుంప మానలేదు. గాలిలోని పొగ తగ్గింది, అంతే.

నిజంగా జాగ్రత్తపడవలసిన నికోటిన్ కూరగాయ లోపల పుట్టేది కాదు, బయటి నుంచి వచ్చి అంటుకునేది. ఎండబెట్టిన అడవి పుట్టగొడుగుల్లో నికోటిన్ ఎక్కువగా కనబడినప్పుడు 2009లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఒక పరిమితి నిర్ణయించింది: రోజుకు కిలో శరీర బరువుకు 0.0008 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది 48 మైక్రోగ్రాములు. పెద్ద అంచనా వేసిన వంకాయ కూర కూడా అందులో సగానికి చేరదు. మన దేశంలో పురుగుమందుగా నికోటిన్ సల్ఫేట్ వాడకాన్ని 1992లోనే నిషేధించారు. ఎగుమతి కోసం తయారీని మాత్రం అనుమతించారు. అయితే ప్రకృతి వ్యవసాయంలో కాయతొలిచే పురుగుల మీద కొట్టే అగ్నాస్త్రంలో గోమూత్రం, వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు పొడి కూడా పడుతుంది. కషాయం సహజమైనదే కావచ్చు, అందులో కరిగిన నికోటిన్ మాత్రం కాయ మీద పడ్డాక నికోటినే. పిచికారీకీ కోతకూ మధ్య కొన్ని రోజులు ఆగడం, కాయలను పారే నీటిలో బాగా కడగడం అందుకే అవసరం. ఆకుపచ్చబడిన బంగాళాదుంపను పారేయమనేది మాత్రం నికోటిన్ వల్ల కాదు, సొలనిన్ అనే వేరే విషం వల్ల. ఈ కుటుంబపు కూరగాయల లోపల పుట్టేవాటిలో వంటింట్లో నిజంగా చూసుకోవలసింది అదొక్కటే.

ఇక ఆకు దగ్గరే ఉన్నవారి సంగతి వేరు. గుంటూరు, ప్రకాశం వంటి జిల్లాల్లో వర్జీనియా పొగాకు కోసి, కర్రలకు కట్టి, ఆకును వేడితో ఎండబెట్టే బ్యారన్‌లోకి ఎక్కించే కూలీలకు నికోటిన్ నోటి ద్వారా కాదు, చర్మం ద్వారా ఎక్కుతుంది. మంచుకు తడిసిన ఆకు చేతులకూ బట్టలకూ రాసుకున్నప్పుడు ఆ తడిలో కరిగిన నికోటిన్ ఒంట్లోకి ఇంకి తల తిరగడం, వికారం, వాంతులు, తలనొప్పి వస్తాయి. దీన్ని పచ్చి పొగాకు జబ్బు అంటారు. 1970లలో అమెరికా పొలాల్లో లెక్క వేసినప్పుడు, ఒక తేమ రోజున ఒక కూలీ ఒంటికి 600 మిల్లీలీటర్ల వరకు మంచునీరు తగలవచ్చని, అందులో 54 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండవచ్చని తేలింది. అందులో కొంతే చర్మం లోపలికి వెళ్తుంది. అయినా రోజుకు 1.4 మైక్రోగ్రాముల చొప్పున కూరలు తినే మనిషికి ఆ 54 మిల్లీగ్రాములు చేరాలంటే నూట అయిదేళ్లు పడుతుంది. ఆకు ఆరాక కోయడం, చేతొడుగులు, పూర్తి చేతుల చొక్కా వేసుకోవడం, పని అయిన వెంటనే సబ్బుతో కడుక్కోవడం అక్కడ తగ్గించగలిగే నికోటిన్, వంటింట్లో వంకాయ మానేస్తే తగ్గేదానికి వేల రెట్లు.